అటక మీది ఉప్పు

తెల్లటి గీత.

నీలం చొక్కా వీపు మీద, మెడ దగ్గర మొదలై నడుం దాకా వంకర్లు పోయిన తెల్లటి గీత. వేలితో రుద్దితే గరగరలాడుతుంది. నాలుక్కి తగిలిస్తే ఉప్పు.

చెమట ఎండిన జాడ అది.

తులసమ్మ మాత్రం దాన్ని సముద్రం అనేది.

భిలాయిలో సముద్రం ఎక్కడిది? ఎటు చూసినా ఎర్రమట్టి, ఉక్కు కార్ఖానా పొగగొట్టాలు, రైలు పట్టాలు. అయినా రోజూ షిఫ్టు దిగే వేళకు సముద్రం సైకిలెక్కి ఇంటికొచ్చేది. మొగుడు బలరాం వీపు మీద కూర్చుని వచ్చేది. పోటు ఎక్కడిదాకా పొంగి ఎక్కడ వెనక్కి తగ్గిందో, ఆ ఒడ్డు గీత చొక్కా మీద ఉండిపోయేది. భావనపాడు రేవులో పుట్టిన మనిషి తులసమ్మ. ఒడ్డు గీతంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పాలా? బకెట్లో చొక్కా ముంచేది. సముద్రం కరిగిపోయేది. మర్నాడు మళ్ళీ వచ్చేది.

వచ్చేది... కరిగేది... వచ్చేది.

ఒక జన్మకు సరిపడా సముద్రాన్ని ఉతికింది తులసమ్మ.

ఇప్పుడు చొక్కాల మీద గీతల్లేవు. బలరాం రిటైరయ్యాడు. స్మృతి నగర్‌లో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. ఇక సముద్రానికీ మనకూ రుణం తీరిపోయిందే, అన్నాడు.

తీరలేదు.

బయటికి రావడం మానేసిన సముద్రం లోపలికొచ్చింది.

ముందు పాదాల్లోకి. చెప్పులు పట్టలేదు. తరవాత చీలమండల్లోకి. ఎముక ఎక్కడుందో కనిపించలేదు. తరవాత పిక్కల మీదుగా మోకాళ్ళ దాకా పొంగింది. చర్మం నూనె రాసినట్టు మెరిసింది. బొటనవేలితో నొక్కితే గుంట పడేది — తడి ఇసుకలో అడుగు దిగినట్టు. వేలు తీసినా గుంట పూడేది కాదు.

గుండె అలిసిపోయిందన్నారు పెద్దాసుపత్రిలో. తోడాల్సిన నీరు తోడలేకపోతోందన్నారు. ఊపిరితిత్తుల్లోకి ఎక్కితే కష్టమన్నారు.

బలరాం నవ్వాడు. నవ్వడానికి ఊపిరి మిగిలిన రోజులవి. అలిసిపోవడమేమిటి డాక్టరుగారూ, నేను రిటైరైతే అదీ రిటైరైంది, దానికీ పింఛను కాగితం రాసెయ్యండి, అన్నాడు.

కోతలు కొయ్యడంలో బలరాంని మించినవాడు ఆ టౌన్‌షిప్పులో పుట్టలేదు. ఫర్నేసు నోరు తెరిచిన పూట, పైన ఎగురుతున్న కొంగ వేగిపోయి తన టిఫిన్ గిన్నెలో పడిందనేవాడు. మసాలా ఒక్కటే తక్కువైందనేవాడు. ఓ మే నెలలో సూర్యుడే గేటు ముందు నిలబడి, బాబూ లోపల ఏదైనా పనిప్పించండి, మీ ముందు నా వేడి ఎవడికీ ఆనడం లేదు అని బతిమాలాడట. గేటు పాసు లేదని వెనక్కి పంపేశారట. సాక్ష్యం కావాలంటే నరసింగరావు ఉన్నాడు. ఒకే షిఫ్టు, ఒకే ఫర్నేసు, ఒకే బీడీ కట్ట. బలరాం ఏది చెప్పినా, నిజమే, నేనూ చూశాను, అనేవాడు. కొంగ పడ్డ పూట తను సెలవులో ఉన్నా సరే, చూశాననేవాడు.

అలాంటి కోతలరాయుడు మాటకీ మాటకీ మధ్య ఆగడం మొదలుపెట్టాడు.

కొంగ సగం దూరం ఎగిరి ఆగేది.

ఊపిరి అందాక మళ్ళీ ఎగిరేది.

*

రెండు వీధుల అవతల మణిమాల ఉండేది. పెద్దాసుపత్రిలో నర్సు. ఇక్కడే పుట్టిన పిల్ల కాబట్టి తెలుగులో ఎక్కి హిందీలో దిగేది. డ్యూటీకి పోతూ గుమ్మం ముందు లూనా ఆపి, పెదనాన్నా, అంటూ లోపలికొచ్చేది. బలరాం మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకునేది. ఒకనాడు తులసమ్మ వేళ్ళు పట్టుకుని తన వేళ్ళున్న చోట పెట్టింది.

కుంటిగుర్రం.

నడిచింది... ఆగింది... రెండడుగులు గబగబా వేసింది... ఆగింది.

ఆ రోజు నుంచి తులసమ్మ వేళ్ళకు నిద్ర లేదు.

మణిమాల చెప్పినవన్నీ చేసింది. వెల్లకిలా పడుకోనివ్వలేదు, తలగడలు పేర్చి ఏటవాలుగా కూర్చోబెట్టింది. నీరు పట్టిన చర్మం పూలరేకులాంటిదని ఆ పిల్ల అంటే తన గాజులు తీసి గూట్లో పెట్టింది. మడమలు పరుపుకు ఒరుసుకోకుండా పాత చీరలు చుట్ట చుట్టి కింద పెట్టింది. వేళ్ళ సందులు తడి లేకుండా తుడిచింది. నీరు తీసే మాత్ర వేసిన పూట మాటిమాటికీ లేచే మనిషిని నడుం పట్టి నడిపించింది. నీళ్ళు కొలిచి ఇచ్చింది. దాహం దాహమంటే తడిగుడ్డ పెదాలకద్దింది.

కొడుకు మనోజ్‌కుమార్‌ హథ్‌ఖోజ్‌లో ఫ్యాక్టరీ లేతు మిషను దగ్గర పగలంతా ఇనుము చెక్కుతాడు. రాత్రికొచ్చి తండ్రి కాళ్ళకేసి చూస్తాడు. చూసి, అన్నం తినకుండా లేస్తాడు.

ఇవన్నీ ఒక ఎత్తు.

ఉప్పొక ఎత్తు.

"పెద్దమ్మా, నమక్ బంద్," అంది మణిమాల. "పెదనాన్న తినే దాంట్లో చుటికీ కూడా వెయ్యకు. ఉప్పు పోతే నీరు పోతుంది. ఉప్పుంటే నీరుంటుంది. ఇంతే."

ఇంతే అని ఆ పిల్ల అనేసి లూనా ఎక్కింది.

తులసమ్మ చెయ్యి ఊరుకోదే. పొయ్యి మీద గిన్నె కనిపిస్తే చాలు, బుద్ధి కంటే ముందు చెయ్యి ఉప్పు డబ్బాలోకి పోయేది. అందుకని డబ్బాని అటకెక్కించింది. స్టూలు వేసుకుంటే గాని అందనంత పైకి. ఎండుచేపల బుట్ట పవర్ హౌస్ మార్కెట్లో తెలిసినావిడకు ఇచ్చేసింది. ఆవకాయ జాడీ నరసింగరావు ఇంటికి పోయింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న జాడీ. అత్తారింటికి పంపినట్టు పంపింది.

తనూ ఉప్పు మానేసింది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ మనిషి ఎదుట ఊపిరి పీల్చుకోవడమే తప్పుగా ఉంది. ఇంక ఉప్పు కూడానా?

పప్పు మట్టయింది. చారు వాననీళ్ళయింది. చేప దూదయింది.

బలరాం ముద్ద నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయేవాడు. నమిలేవాడు కాదు, ఊసేవాడు కాదు. ఒకనాడు కంచం తోసేశాడు. నన్ను చంపడానికి ఆ నర్సు పిల్లా నువ్వూ కట్టగట్టుకున్నారు, అన్నాడు. మరునాడు అదే చేత్తో ఆమె కొంగు పట్టుకున్నాడు.

"ఒలే తులసీ... ఒక్క రాయి. నాలిక మీద ఎట్టు. మింగనే. ఊరికే... సూసుకుంతాను."

కోతలరాయుడు. సూర్యుణ్ణి గేటు దగ్గర నుంచి వెనక్కి పంపినవాడు.

ఉప్పురాయి అడుక్కున్నాడు.

తులసమ్మ వంటింట్లోకి పోయి గోడకు నుదురానించి నిలబడింది. పైన అటక. అటక మీద డబ్బా. పెట్టనా? పెడితే పోతాడు. పెట్టకపోతే... ఇలా ఇలా పోతాడు. ఏది పాపం? ఏది పుణ్యం? గోడ చెప్పలేదు.

పెట్టలేదు.

అతను ఆ పూట మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. కుంటిగుర్రం మాత్రం నడిచింది... ఆగింది... నడిచింది.

*

ఇక్కడొక సంగతి చెప్పుకోవాలి. ఇది కోత కాదు.

ఫర్నేసు దగ్గర ఉప్పు తిండి కాదు. మందు.

కరిగిన ఇనుము కాలవ కట్టి పారే చోట మనిషి ఒంట్లో నీరు నిలవదు. చెమట తుడుచుకోవడానికి ఉండదు, పుట్టగానే ఆవిరైపోతుంది. వేసవి వస్తే షిఫ్టులో ఉప్పు బిళ్ళలు పంచేవాళ్ళు. ఒక వార డ్రమ్ములో ఉప్పునీళ్ళుండేవి. ఒళ్ళు చల్లబడి, కళ్ళు తేలేసి ఎవడైనా కూలబడ్డాడంటే అడిగేదీ లేదు, ఆలోచించేదీ లేదు. తల ఎత్తి పట్టుకుని ఉప్పునీళ్ళు పట్టడమే. కాసేపటికి లేచి కూర్చునేవాడు. బీడీ అడిగేవాడు.

నరసింగరావు అలా ఒకసారి పడ్డాడు. కాలవ గట్టునే పడ్డాడు. ఇంకొంచెం ఒరిగితే ఇనుములో కలిసిపోయేవాడు. బలరాం కాళ్ళు పట్టి ఇవతలికి లాగాడు. భుజాన వేసుకుని డ్రమ్ము దగ్గరికి మోశాడు. నీళ్ళు పట్టాడు. నరసింగరావు కళ్ళు తెరిచి మొదట చూసింది బలరాం మొహం. మొదట విన్నది బలరాం కోత — యముడొచ్చాడ్రా, ఈ ఎండ తట్టుకోలేక పారిపోయాడు.

ఆ రోజు నుంచి, ఇది నా ఊపిరి కాదు, మా అన్నది, అనేవాడు నరసింగరావు. అందరికీ చెప్పేవాడు. టీ కొట్టులో చెప్పేవాడు. పెళ్ళిపందిట్లో చెప్పేవాడు.

ఒక్క ఫర్నేసేనా! ఆ క్వార్టర్ల ఆడవాళ్ళందరికీ ఈ మందు తెలుసు. షిఫ్టు దిగిన మనిషి గుమ్మంలో కాలు పెట్టకముందే ఉప్పేసిన మజ్జిగ చెంబు చేతికందాలి. కాళ్ళకు నీళ్ళు తరవాత. క్షేమ సమాచారం తరవాత. కొత్తగా కాపురానికొచ్చిన పిల్లకు పక్కింటావిడ మొట్టమొదట నేర్పే పాఠం అదే. తులసమ్మకూ అలాగే నేర్పారు. తులసమ్మ ఎంతమందికో నేర్పింది.

చెమట పడితే ఉప్పు.

మనిషి కూలితే ఉప్పు.

ఆ మాట తలలో ఉండేది కాదు. చేతుల్లో ఉండేది.

*

మే నెల. మధ్యాహ్నం.

వీధిలో కుక్క కూడా లేదు. వడగాలి తలుపులు తోస్తోంది. గదిలో కూలర్ గరగర తిరుగుతోంది, గడ్డి తడి వాసన చల్లగా కొడుతోంది. బలరాం తలగడలకానుకుని కూర్చున్నాడు. ఎదురుగా నరసింగరావు ముక్కాలిపీట మీద. ఆ పూట కొంగ కథ మళ్ళీ మొదలైంది. చాలా రోజుల తరవాత బలరాం నోట కొంగ ఎగిరింది.

కరెంటు పోయింది.

కూలర్ రెక్కలు నెమ్మదించి... నెమ్మదించి... ఆగాయి. గది ఒక్కసారిగా మూతపెట్టిన కుండైంది.

"అప్పుడా కొంగ..." అన్నాడు బలరాం.

ఆగాడు.

ఊపిరి కోసం అనుకున్నారు. కాదు. నుదుటి మీద చెమట బొట్లు. మెడ మీద. ఛాతీ మీద. చొక్కా తడిసిపోతోంది. తులసమ్మ చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. రేవు ఒడ్డున పొద్దున్నే పట్టుకున్న చేపలా చల్లగా. కళ్ళు పైకి పోతున్నాయి. వేళ్ళ కింద గుర్రం... నడవదేం? నడవదేం?

"మావా. మావా."

నరసింగరావు లేచాడు. అతని మొహంలో భయం లేదు. ఈ దృశ్యం అతనికి తెలుసు. కూలబడ్డవాడు తనే అయి చూశాడు. నిలబడ్డవాడుగా ఎందరినో చూశాడు. బలరాం తలని మోచేతిలోకి తీసుకున్నాడు. గొంతు నిదానంగా ఉంది.

"వదినా, ఉప్పు."

తులసమ్మ కదల్లేదు.

"మణి వద్దంది గదా, బావూ."

"తిండిలో వద్దంది. ఇది తిండేటి, వదినా?"

ఆమె అతన్ని చూసింది. మొగుణ్ణి చూసింది. నిజమే. ఆ పిల్ల తినేదాని గురించి చెప్పింది. ఇది తినేది కాదు. ఇది కంపెనీ పంచిన మందు. ఎందరిని లేపి కూర్చోబెట్టలేదూ ఈ మందు? ఎదురుగా నిలబడ్డ ఈ మనిషిని లేపలేదూ? మణిమాల నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల. ఫర్నేసు ఆ పిల్ల పుట్టకముందు నుంచీ మండుతోంది.

ఇంకా అడుగున — చాలా అడుగున — ఇంకో సంగతి. ఒక్క రాయి అని అడుక్కున్నాడు. ఇవ్వలేదు. ఇవ్వకుండానే పోతే?

స్టూలు లాగింది. ఎక్కింది. అటక మీద చెయ్యి తడిమింది.

డబ్బా దించింది.

నరసింగరావు చెంబులో గుప్పెడు వేసి కలిపాడు. కొలిచిన నీళ్ళు కావు. నిండు చెంబు. పెదాల దగ్గర పెట్టాడు. మొదటి గుక్క గడ్డం మీదుగా కారిపోయింది. రెండోది గొంతులో ఆగింది. మూడోది దిగింది.

తరవాత బలరాం తనే తాగాడు. చెంబుని రెండు చేతులా పట్టుకుని తాగాడు. తల్లి రొమ్ము దొరికిన పసివాడిలా కళ్ళు మూసుకుని తాగాడు.

కళ్ళు తెరిచాడు.

వాళ్ళిద్దర్నీ చూశాడు. మీసాల చివర నీటిబొట్టు నాలుకతో అందుకున్నాడు.

"ఆ కొంగ... గుడ్డెట్టింద్రా, నరసింగా," అన్నాడు. "ఉడికిన గుడ్డు."

నరసింగరావు నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. తులసమ్మ కూడా నవ్వింది. ఎన్నాళ్ళ తరవాతో నవ్వింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయి నవ్వింది. వెలిసిపోయిన బలరాం మొహంలోకి రంగు తిరిగొచ్చింది. పోయిన మనిషి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. ఇంకొంచెం, అన్నాడు. అడిగినవాడికి ఇంకో చెంబు కలిపారు. ఈసారి కలిపేటప్పుడు భయం కూడా లేదు.

కరెంటు వచ్చింది. కూలర్ తిరిగింది. బలరాం నిద్రపోయాడు.

తులసమ్మ డబ్బాని మళ్ళీ అటకెక్కించలేదు. మణిమాల వస్తే చెప్పాలనుకుంది. చూడు పిల్లా, మా కాలపు మందు, అని చెప్పాలనుకుంది. నరసింగరావు వీపు గోడకానించి కాళ్ళు చాపుకున్నాడు. అన్న బాకీ తీరిందన్నాడు. కాసేపు... ఆ ఇంట్లో ముగ్గురూ బతికారు.

కాసేపు.

*

ముందు దగ్గు.

పొడి దగ్గే అనుకుంది. నిద్రలో ఎండి ఉంటుందనుకుంది.

తరవాత గుడగుడ.

ఎక్కడో దూరంగా నీరు రాళ్ళ సందుల్లోకి వస్తున్న చప్పుడు. తులసమ్మకు తెలుసు ఆ చప్పుడు. పోటు మొదలయ్యే చప్పుడు. రేవులో పిల్లలు అది వినగానే ఆట ఆపి పైకి పరిగెత్తేవాళ్ళు. ఆమె చుట్టూ చూసింది. చప్పుడు బయట లేదు.

ఛాతీలో ఉంది.

బలరాం లేచి కూర్చున్నాడు. రెండు చేతులూ చాచి గాలిని పట్టుకోబోయాడు. గాలి చిక్కలేదు. నోరు తెరిచాడు. కళ్ళు తెరిచాడు. తెరవడానికి ఇంకేం మిగల్లేదు. పెదాలు నేరేడు పండు రంగుకు తిరిగాయి. దగ్గితే నురగ వచ్చింది. తెల్లటి నురగ. అందులో లేత గులాబీ చాయ.

మణిమాల నేర్పినవన్నీ చేసింది తులసమ్మ. కాళ్ళు మంచం కిందికి దించింది. ఒళ్ళో తలగడ పెట్టి ముందుకు వంచింది. వెనక మోకాళ్ళ మీద నిలబడి తన ఒంటిని గోడ చేసింది. కిటికీ తోసింది. వడగాలి వచ్చింది. ఊపిరి రాలేదు.

నరసింగరావు ఎండలోకి పరిగెత్తాడు. కాళ్ళకు చెప్పుల్లేవు. ఆ వయసులో అలా ఎవడూ పరిగెత్తడు. కాలుతున్న తారు మీద, సందు చివరికి, రోడ్డు మీదికి, ఆటో కోసం, ఎవడైనా, ఏదైనా, భయ్యా, భయ్యా...

ఆటో వచ్చింది. ముసలాయన్ని పడుకోబెట్టమన్నాడు ఆటోవాడు. పడుకోబెట్టలేదు తులసమ్మ. పడుకుంటే మునిగిపోతాడు. తన భుజం మీద నిలబెట్టినట్టే పట్టుకుంది. చెవి దగ్గరే ఆ గుడగుడ.

మునుగుతున్నాడు. రేవు లేదు. పడవ లేదు. ఒక్క చుక్క సముద్రం లేని ఊళ్ళో, ఎర్రమట్టి మధ్య, ఆటోలో, ఆమె చేతుల్లో మునుగుతున్నాడు.

సుపేలా రైలు ఫాటక్ పడి ఉంది.

గేటుకు ఇవతల వాళ్ళు. అవతల ఆసుపత్రి. మధ్యలో గూడ్సు బండి. నింపాదిగా పోతోంది. దాని మీద పొడుగాటి కొత్త రైలు పట్టాలు, ఎక్కడికో, ఏ దేశాన పరవడానికో. బలరాం పనిచేసిన ఫర్నేసు ఇనుమే అవి. తన ఫర్నేసు ఇనుమే తన దారికి అడ్డం పడి పోతోంది.

పోతోంది... పోతోంది... ఇంకా పోతోంది.

బండిలో వెళ్ళిపోయేవాడికి చెయ్యి ఊపినట్టు బలరాం చెయ్యి ఒకసారి లేచింది. పడింది. తులసమ్మ ఆ చెయ్యి అందుకుని మూడు వేళ్ళు ఆనించింది. వెతికింది. వెతికింది.

ఉంది. దూరంగా... ఉంది.

*

వార్డులో మణిమాలే ఉంది.

పెదనాన్నా, అనలేదు ఆ పిల్ల. అనడానికి తీరిక లేదు. మంచం తలవైపు ఎత్తింది. మొహానికి మాస్కు పెట్టింది. డాక్టరు సూది అందుకునేలోగా నరం వెతికి పట్టుకుంది. గొట్టం వేసింది, గొట్టం చివర మంచం కింద సంచీ వేలాడదీసింది. నీరు ఆ సంచీలోకి దిగాలి. దిగితే మనిషి తేలతాడు. దిగకపోతే...

సంచీ ఖాళీగా ఊగుతోంది.

అప్పుడు తిరిగింది మణిమాల.

"ఏం ఇచ్చారు పెద్దమ్మా? పొద్దున్నే బాగున్నారు కదా. ఏం తిన్నారు, ఏం తాగారు... సచ్ చెప్పు. డాక్టర్ సాబ్‌కి తెలియాలి."

అడుగుతూనే ఆ పిల్ల చూపు బలరాం కాళ్ళ మీదికి పోయింది. ఆ చూపు వెంట తులసమ్మ చూపూ పోయింది. అక్కడ అర్థమైంది ఆమెకు — ఉప్పుంటే నీరుంటుంది. ఏం జరిగిందో మొత్తం అర్థమైంది. ఆ నీళ్ళెక్కడికి పోయాయో అర్థమైంది.

నరసింగరావుకింకా అర్థం కాలేదు.

గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఒళ్ళంతా చెమట. బొబ్బలెక్కిన కాళ్ళు. అయినా మొహంలో ఒక వెలుగు. తను చెప్పబోయేది మంచి మాటని ఆ మొహం చెబుతోంది. ఉప్పునీళ్ళు పట్టాం కాబట్టే ఇక్కడిదాకా ఆగాడమ్మా, అని చెప్పబోతున్నాడు. ముందుకొచ్చాడు. నోరు తెరిచాడు.

"నానే," అంది తులసమ్మ. "సెమటలు పట్టి పడిపోతే... నానే ఉప్పునీల్లు పట్టాను. నిండు సెంబుడు. మల్లీ ఇంకో సెంబుడు."

మణిమాల చేతులు ఒక్క క్షణం ఆగాయి.

"పానీలో వేస్తే నమక్ నమక్ కాదా, పెద్దమ్మా?"

తిట్టినట్టు అనలేదు. దారి తప్పిన పిల్లని అడిగినట్టు అంది. వెంటనే డాక్టరు వైపు తిరిగి హిందీలో చెప్పింది. మళ్ళీ చేతులు కదిలాయి. ఇంకో సూది. కానీ పెదాలు మాత్రం తనలో తను ఏదో అనుకుంటున్నాయి. తినొద్దన్నాను. తాగొద్దని చెప్పలేదు. తాగొద్దని చెప్పలేదు.

గుమ్మం దగ్గర వెలుగు ఆరిపోయింది.

నరసింగరావు నోరు తెరిచే ఉంది. తన రెండు చేతులకేసి చూసుకున్నాడు. చెంబు పట్టుకున్న చేతులు. తల ఎత్తి పట్టిన చేతులు. వాటినెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు వెనక్కి పెట్టుకుని వరండాలోకి నడిచాడు.

తులసమ్మ వెంట వెళ్ళింది. సాయంత్రం ఎండ వరండాలో ఎర్రగా పడి ఉంది. కొడుక్కి కబురు వెళ్ళింది, ఇంకా రాలేదు. అతను గోడవారగా కూలబడి ఉన్నాడు.

"కలిపింది నాను గదా, వదినా."

"డబ్బా దించింది నాను."

"అన్న నాకిచ్చిన నీల్లే ఇచ్చాను." చేతులు ముందుకు చాపాడు. "అవే నీల్లు వదినా. యేరేవి కావు. అవే..."

అవే నీళ్ళు. ఒక మనిషిని లేపిన నీళ్ళు ఇంకో మనిషిని ముంచడమేమిటి? ఇచ్చిన చెయ్యి మంచిదే. పుచ్చుకున్న నోరు మంచిదే. ఉప్పు మారలేదు. నీళ్ళు మారలేదు. మారింది లోపలి గుండె ఒక్కటే. అది ఎప్పుడు మారిపోయిందో ఫర్నేసుకు ఎవరూ కబురు చెయ్యలేదు.

అతని పక్కన కూర్చుంది. అటో చెయ్యి, ఇటో చెయ్యి నేల మీద. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. లోపలి నుంచి గుడగుడ వినిపిస్తోంది. ఎక్కువైందా? తగ్గిందా? చెవులు పెట్టి విన్నారు. పోటు ఆపడం ఎవరి తరం? రేవులో అయితే ఒడ్డున కూర్చుని చూసేవాళ్ళు. ఇక్కడా అంతే. కూర్చుని చూడటమే.

దేవుళ్ళను మొక్కింది. తెలిసిన దేవుళ్ళయిపోయారు. తెలియని దేవుళ్ళను కూడా మొక్కింది. ఆయన కొయ్యాల్సిన కోతలు ఇంకా ఉన్నాయి స్వామీ. ఎవరూ నమ్మకపోయినా పర్వాలేదు. కొయ్యనీ. కంచం తోసెయ్యనీ. నన్ను తిట్టనీ. ఊపిరి... ఆ ఒక్కటీ అందనీ.

మణిమాల గుమ్మంలోకి వచ్చింది.

ఇద్దరూ లేచారు. ఆ పిల్ల మొహంలో వెతికారు. మంచీ లేదు, చెడూ లేదు. అలిసిపోయిన మొహం.

"సంచీలోకి కొంచెం దిగింది," అంది. "కొంచెమే. ఇంకా రావాలి. పెదనాన్న ఎవర్నో పిలుస్తున్నారు."

లోపలికి వెళ్ళారు. తులసమ్మ ముందు. నరసింగరావు ఆమె వెనక, ఆమె నీడలో దాక్కున్నట్టు.

బలరాం ముందుకు వంగి కూర్చుని ఉన్నాడు. ఛాతీ ఎగిరిపడుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆ కళ్ళు తులసమ్మను దాటి వెనకకు పోయాయి. నరసింగరావుని పట్టుకున్నాయి. తల నుంచి పాదాల దాకా నెమ్మదిగా చూశాయి. నుదుటి నుంచి కారుతున్న చెమటను చూశాయి. తడిసి ఒంటికతుక్కున్న చొక్కాను చూశాయి.

చెయ్యి లేపి మాస్కు కిందికి లాగాడు.

"తులసీ..."

ఊపిరి.

"నరసింగడికి... సెమట్లు పడతన్నాయి..."

ఊపిరి.

"ఆడికి... ఉప్పునీల్లియ్యే."

మణిమాల గబుక్కున మాస్కు పైకి లాగి పెట్టింది.

వేళాకోళమా? మతి తప్పిన మాటా? అంతా తెలిసే అన్నాడా, ఏమీ తెలియకే అన్నాడా? ఏ కోత కోసినా బలరాం మీసం కింద ఒక వంకర కనిపించేది. దాన్నిబట్టి పోల్చుకునేది తులసమ్మ. ఇప్పుడు మీసానికి అడ్డంగా మాస్కు ఉంది.

నరసింగరావు మంచం కోడు పట్టుకుని కిందికి జారాడు. తల బలరాం మోకాలికి ఆనించాడు. మెల్లిగా ఆనించాడు. చర్మం పూలరేకులాంటిదని అతనికీ ఎవరో చెప్పినట్టు. అతని జుట్టు మీద బలరాం చెయ్యి పడింది. తనే పెట్టాడో, బరువుకు పడిందో.

తులసమ్మ మాస్కునే చూస్తోంది.

దాని లోపలి వైపు ఊపిరి ఆవిరై తెల్లగా పట్టింది.

తగ్గింది.

తెల్లగా పట్టింది... అంచు దాకా.

తగ్గింది.

మళ్ళీ పట్టాలి.

మణిమాల అతని మణికట్టు మీద వేళ్ళుంచి కళ్ళు మూసుకుంది. నరసింగరావు తల ఎత్తలేదు. తులసమ్మ రెప్ప వెయ్యలేదు.

మళ్ళీ పట్టాలి...